తెర అడుగున తీసేసిన వాక్యం

కాలేజీ లైబ్రరీల్లో, రీడింగ్ రూముల్లో కంప్యూటర్ల దగ్గర ఎవరి వంతు ఎప్పుడో చూసే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని మా కంపెనీయే సొంతంగా తయారుచేసిందని, అందులో బయటివాళ్ళు రాసింది ఒక్క ముక్క కూడా లేదని పదకొండేళ్ళ క్రితం నేను ఒక కాలేజీకి ఉత్తరం రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. రాసింది నా స్నేహితుడు. ఆ ఉత్తరం వల్ల అతనికి రావలసిన ఉద్యోగం రాలేదు. దొంగ అన్న మాట మాత్రం వచ్చింది. ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇది రాస్తున్నాను. పేర్లు ఎందుకు రాయడం లేదో కూడా చెబుతాను.

మేమిద్దరం సికింద్రాబాద్‌లో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పేవాళ్ళం. అతనిది లాలాగూడ, తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడిన కుటుంబం. నేను విద్యార్థులతో మాట్లాడుతుంటే వెనక నిలబడి వినేవాడు.

"అదేందిరా, మాటమాటకి 'అండి' తగిలిస్తవ్, కూర మీద కొత్తిమీర చల్లినట్టు."

"నువ్వు 'గిట్ల గట్ల' అంటావు, బండి గతుకుల్లో పోతున్నట్టు."

"మా రోడ్లు అట్లనే ఉంటయ్ మరి."

నాకు అంతకుముందు స్నేహితులు లేరని కాదు. కానీ ఒక ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో, ఏ వాక్యం దగ్గర ఆగిందో చెబితే, సినిమా కథ విన్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని వినే మనిషి అతనొక్కడే.

ఆ రోజుల్లో బన్సీలాల్‌పేట్‌లో, మెట్లబావికి రెండు సందుల అవతల ఒక సంఘం వాళ్ళు రీడింగ్ రూమ్ నడిపేవాళ్ళు. బావి అప్పటికింకా చెత్తతో నిండి ఉండేది. రూములో ఎనిమిది కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒకటే నెట్ కనెక్షన్. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు నలభై యాభై మంది వచ్చేవాళ్ళు. ఎవరు ముందు, ఎవరు వెనక అని రోజూ గొడవ. కరెంటు పోయి వస్తే మొత్తం మొదటికొచ్చేది. టీకి వెళ్ళినవాడి కుర్చీలో ఇంకొకడు ఉండేవాడు. సంఘం పెద్ద అడిగితే నా స్నేహితుడు వంతుల ప్రోగ్రాం రాసిపెడతానన్నాడు.

"మా క్వార్టర్స్‌ల నల్లా దగ్గర ఈ లొల్లి ఉండకపోతుండె," అన్నాడు ఒకసారి నాతో. "బిందె పెట్టిపోతే బిందెకే వంతు. మా అమ్మ పిల్లగాడు ఏడుస్తుండని ఇంటికి పోతుండె. లైన్ జరిగినప్పుడల్లా వెనకున్నోళ్ళు మా బిందెను సుత ముందుకు జరుపుతుండిరి."

"వాళ్ళకేం పట్టింది?"

"రేపు వాళ్ళ బిందెను ఇంకొకరు జరపాలె గదా."

ప్రోగ్రాంలో అతను పెట్టిన నియమం అదే. నెట్ తెగినా, కరెంటు పోయినా, మనిషి బయటికెళ్ళినా, అతని బిందె కాసేపు వరుసలో నిలబడి ఉంటుంది, మిగతావాటితో పాటు ముందుకు జరుగుతుంది. కోడ్‌లో కూడా దానికి బిందె అనే పేరు పెట్టాడు. ఎదురుచూసేవాళ్ళకు తెర మీద "జెర ఆగుండ్రి, మీ బిందె లైన్లనే ఉన్నది" అని కనిపించేది. మొదటిరోజు అది చదివి రూమంతా నవ్వారు. వారం తిరక్కుండా గొడవలు ఆగిపోయాయి.

నేను చేసింది ఒకటే. ఒక మనిషి తెర మీద రెండు కిటికీలు తెరిచి రెండు బిందెలు పెట్టగలిగే లోపం ఉందని కనిపెట్టి చెప్పాను.

ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చని అతను ఇంటర్నెట్‌లో పెట్టాడు. దానికొక లైసెన్స్ జతచేశాడు. ఆ లైసెన్స్ ఇంగ్లీషులో ఉంది, చాలా పొడుగు. ఇరానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు చల్లారిపోయేదాకా నాకు చదివి చెప్పాడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ రాసినవాడి పేరు తీసేయకూడదు. మార్చితే ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో రాసి పెట్టాలి. మార్చినదాన్ని నెట్‌వర్క్ మీద పదిమంది వాడేలా పెడితే, ఆ పదిమందికీ దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు పాఠం, తీసుకునే దారి చూపించాలి.

"ఇది లైసెన్సా, పెళ్ళి ప్రమాణాలా?" అన్నాను.

"నీకు పెళ్ళి గాలే గదా, నీకేమెరుక. పెళ్ళిల గిన్ని షరతులు ఉండయ్."

దారి చూపించడానికని తెర అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం పెట్టాడు. "ఈ ప్రోగ్రాం సోర్స్ కావాలంటే ఈడ నొక్కుండ్రి. అడగనీకి సిగ్గుపడకుండ్రి."

రెండేళ్ళ తర్వాత నేను శిక్షణ సంస్థ వదిలి, క్లాక్ టవర్ దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాను. కాలేజీ లైబ్రరీల కంప్యూటర్లన్నిటినీ ఒక నెట్‌వర్క్‌గా కలిపి నడిపిపెట్టడం వాళ్ళ పని. ఒక కాలేజీ వాళ్ళు వంతుల ప్రోగ్రాం కావాలన్నారు. నేను స్నేహితుడి ప్రోగ్రాం తెచ్చి, వాళ్ళ విద్యార్థి నంబర్లతో పనిచేసేలా కొంత మార్చి, యజమానికి చూపించాను. అప్పటివరకూ నేను చేసిందాంట్లో తప్పు లేదు. లైసెన్స్ దానికి ఒప్పుకుంటుంది.

యజమాని తెర అడుగుకు వేలు చూపించాడు. "ఇదేంటండీ?"

లైసెన్స్ సంగతి చెప్పాను.

"మన హోటల్లో ప్లేటు మీద పక్క హోటల్ పేరుంటే ఎలా ఉంటుందండీ? తీసేయండి. ఆ భాష కూడా కాస్త శుభ్రం చేయండి."

తీయకూడదండీ అని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మొదలుపెట్టి, నాలుగింటి టీకల్లా ముగించాను. ముందు తెర అడుగున ఉన్న వాక్యం తీశాను. ఫైళ్ళ మొదట్లో ఉన్న అతని పేరు, లైసెన్స్ ఒకే ఆదేశంతో అన్ని చోట్లా పోయేలా చేశాను. కోడ్‌లో బిందె అని ఉన్న పేర్లన్నీ టోకెన్ అయ్యాయి. "జెర ఆగుండ్రి" పోయి "దయచేసి వేచి ఉండండి" వచ్చింది. నియమం మాత్రం ముట్టుకోలేదు. అది బాగా పనిచేస్తుంది కాబట్టి.

ప్రోగ్రాం నేనే రాశానని ఆఫీసులో అందరూ అనుకున్నారు. నేను రాశానని చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. ఆ తర్వాత నేను ఇరానీ హోటల్ వైపు వెళ్ళడం తగ్గించాను. పని ఎక్కువైందని అతనితో చెప్పాను.

మరుసటి ఏడు అదే కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం పడింది. అతను దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూలో తను చేసిన పని చూపించమంటే వంతుల ప్రోగ్రాం తెరిచి చూపించాడు. ఇది మేము ఫలానా కంపెనీ దగ్గర తీసుకున్నదే కదా, నీదెలా అవుతుంది అని వాళ్ళు అడిగారు. వాళ్ళ లైబ్రరీలోకి తీసుకెళ్ళి చూపించారట కూడా. అక్కడ ఎదురుచూస్తున్న ఒక విద్యార్థి బయటికెళ్ళి వచ్చినా వంతు అలాగే ఉండడం చూసి, "ఇది నాదే" అన్నాడట. వాళ్ళు కంపెనీని అడిగి తేల్చుకుంటామన్నారు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"నా బిందెను నువ్వే తీసుకపోయినవ్ గదరా." కోపం లేదు గొంతులో. కొంచెం నవ్వు కూడా ఉంది. "సరే తియ్. నిన్నే అడుగుతరంట. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

"చూస్తాను రా," అన్నాను.

"చూసుడేందిరా? చెప్పు."

తర్వాతి రోజు యజమాని ఉత్తరం రాయమన్నాడు. నేను రాశాను. ప్రోగ్రాం పూర్తిగా మా సంస్థ సొంతమని రాశాను. అక్కడితో ఆగినా సరిపోయేది. అతను నాకు తెలిసిన వ్యక్తని, గతంలో నా దగ్గర ఈ పని చూసి ఉండవచ్చని కూడా చేర్చాను. ఆ వాక్యం ఎవరూ రాయమనలేదు. ఉత్తరం గట్టిగా ఉండాలని నాకే తోచింది. యజమాని నా పేరు మీదే పంపమన్నాడు.

అతను మళ్ళీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

నాలుగేళ్ళకు యజమాని కంపెనీ మూసేసి టైల్స్ వ్యాపారంలోకి వెళ్ళాడు. ప్రోగ్రాం అప్పటికి ఆరు చోట్ల నడుస్తోంది. దాన్ని చూసుకునే పని నాకు వదిలేశాడు. అప్పటినుంచి నేరేడ్‌మెట్ ఇంట్లో పైభాగంలో కూర్చుని ఒక్కడినే ఆ పని చేస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. కారణాలు ఇక్కడ అక్కర్లేదు. ఫోన్ మోగితే ఏదో ఒక లైబ్రరీ అయి ఉంటుంది, సర్వర్ ఆగిందని. పాలవాడితో, కింద అద్దెకున్నవాళ్ళతో రెండు మాటలు. కొన్ని రోజులు అవి కూడా ఉండవు.

కానీ పగలంతా నేను అతని మాటలే చదువుతూ ఉండేవాణ్ణి. ప్రోగ్రాం రాసేవాళ్ళు మధ్యమధ్యలో తర్వాత చదివేవాళ్ళకోసం చిన్న గమనికలు రాసిపెడతారు. అతను వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో తన తెలుగులో రాసేవాడు. "ఈడ జెర పైలం, ముట్టుకుంటే లైనంత కూలుతది." "ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు సుత తెల్వది, కాని చేస్తుంది." పేరు తీసేసిన రోజు వీటిని నేను తీయలేదు. తీస్తే ప్రోగ్రాం నాకు అర్థం కాదు. కొన్ని రోజులు నాతో మాట్లాడింది ఆ గమనికలు మాత్రమే. ఒక్కోసారి పైకే జవాబు చెప్పేవాణ్ణి. "సరే, ముట్టుకోనులే" అనేవాణ్ణి ఖాళీ గదిలో.

నిరుడు వానాకాలంలో ఒక లైబ్రరీలో ఒకే విద్యార్థికి రెండు వంతులు వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఆ భాగం ఎక్కడుందో వెతికాను. ఎన్నేళ్ళుగానో తెరవని ఫైల్ అది. మధ్యలో ఒక గమనిక ఉంది. "రెండు బిందెల తప్పు పట్టుకున్నది మా దోస్తు. పేరు రాసిన, మల్ల మర్చిపోతమని." దాని కింద నా పేరు, ఇంటిపేరుతో సహా.

నేను ఫైళ్ళ మొదట్లో ఉన్నవాటిని మాత్రమే తీసేశాను. ఇది మధ్యలో ఉంది కాబట్టి మిగిలింది. మొత్తం ప్రోగ్రాంలో మిగిలిన పేరు నాదొక్కటే. ఒక్క లోపం కనిపెట్టి చెప్పినపాటి నా సాయానికి అతను నా పేరు పెట్టాడు.

ఆ రోజు పని చేయలేదు. ఫిర్యాదు సంగతి మరునాడు చూశాను.

ముందు అతని పేరు, లైసెన్స్ అన్ని ఫైళ్ళలో తిరిగి పెట్టాను. తర్వాత పాత యజమానికి ఫోన్ చేసి, కాలేజీకి నిజం రాయబోతున్నానని చెప్పాను.

"ఇప్పుడు ఎందుకండీ తవ్వుకోవడం?" అన్నాడు. తర్వాత తనే, "మీ మనసుకు అంతగా ఉంటే ఓ పని చేయండి. వెళ్ళి ఓ శాలువా కప్పి రండి. పెద్దరికంగా ఉంటుంది, ఆయనకీ గౌరవంగా ఉంటుంది."

నాకది నచ్చింది. అలాంటి మనిషినే నేను. మనవాళ్ళం మేలు చేసినవాడికీ శాలువా కప్పుతాం, అన్యాయం జరిగినవాడికీ శాలువా కప్పుతాం. జనరల్ బజార్‌లో మంచిది చూసి కొన్నాను, స్వీట్ బాక్స్ తీసుకున్నాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ లాలాగూడ వెళ్ళాను.

అతనికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న షాపు ఉందని నాకు తెలుసు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, గోడవారగా నాలుగు కుర్చీలు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబోయాను. పక్కన ఉన్నామె ఆపింది.

"అండ్ల సంచి ఉన్నది సార్, కనవడ్తలేదా? ఆమె బ్యాంకుకు పోయింది, ఇప్పుడే వస్తది."

నిలబడ్డాను. అతను తలెత్తి చూశాడు. జుట్టు సగం తెల్లబడింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గుర్తుపట్టాడు.

"నిలవడండ్రి సార్. ముంగట ముగ్గురున్నరు."

అతని నోట సార్ అన్న మాట, మీరు అన్న మర్యాద అంతకుముందెప్పుడూ వినలేదు. ముగ్గురి పనీ అయ్యేదాకా నిలబడ్డాను. ఈలోగా సంచి పెట్టిపోయినామె వచ్చి కూర్చుంది, ఆమె పని కూడా అయింది. నా వంతు వచ్చాక ఎదురుగా కూర్చుని, అనుకున్న మాటలేవీ రాక, జరిగింది చెప్పాను. ఉత్తరం గురించి, అందులో నేను సొంతంగా చేర్చిన వాక్యం గురించి. అది అతనికి తెలుసు. కాలేజీవాళ్ళు చదివి వినిపించారట.

శాలువా బయటికి తీశాను. అతను అందుకుని, మడత విప్పకుండా టేబుల్ మీద పెట్టాడు.

"ఇది లైసెన్స్‌ల లేదు గదా సార్."

స్వీట్ బాక్స్ కూడా దాని పక్కన పెట్టాను.

"నా పేరు పెట్టిన్రా?"

"పెట్టాను. అన్ని ఫైళ్ళలో."

"సోర్స్?"

"నీ సోర్స్ ఇంటర్నెట్‌లో ఉంది కదా..."

"నాది ఉన్నది. మీది ఏది? మీరు మార్చి ఆరు జాగల నడుపుతున్నరు. ఆ పోరగాండ్లు వాడేది మీరు మార్చింది. ఏమేం మార్చిన్రు, ఏ దినం మార్చిన్రు, అది రాయాలె. అడిగినోళ్ళకు ఇయ్యాలె. ఆనాడు చాయ్ చల్లారేదాంక చదివిన."

"గుర్తుంది."

"మరి పేరొక్కటి పెడితే అయిపాయెనా?"

పదకొండేళ్ళు నేను ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకున్నది ఆ సోర్స్‌నే. దాన్ని బయట పెడితే ఎవరైనా తీసుకుని నడుపుకుంటారు, నా పని పోతుంది. ఆ భయం నా ముఖంలో కనిపించి ఉంటుంది. అతను జిరాక్స్ మిషన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేను క్షమించమని అడగడానికి వచ్చాను," అన్నాను.

"అది సుత లైసెన్స్‌ల లేదు సార్." తర్వాత మెల్లగా అన్నాడు. "నా పేరు యాడనన్న రాయాలనుకుంటే ఫైల్ల రాయుండ్రి. కాయితాలల్ల వద్దు. ఒకసారి మీ కాయితంల నా పేరు చూసిన, చాలు."

ఇందులో పేర్లు రాయకపోవడానికి కారణం అదే. అతని పేరు లేనప్పుడు ఎవరి పేరూ వద్దనుకున్నాను.

అప్పటికే ఇంకొకరు వచ్చి నా వెనక నిలబడ్డారు. లేచాను. స్వీట్ బాక్స్ అతను ఆ వచ్చినవాళ్ళకు ఇచ్చాడు. శాలువా నా చేతికిచ్చాడు.

కాలేజీకి ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అప్పటి ఇంటర్వ్యూ సభ్యులు ఎవరూ ఇప్పుడక్కడ లేరు. అందిందన్న రసీదు ఒకటి వచ్చింది, అంతే.

మార్పుల జాబితా రాయడానికి మూడు వారాలు పట్టింది. పాత బ్యాకప్‌లు తీసి, ఏ రోజు ఏది మార్చానో ఒక్కొక్కటే పోల్చి చూసుకున్నాను. విద్యార్థి నంబర్లు చేర్చాను, రెండు వంతుల లోపం మళ్ళీ సరిచేశాను, ఇలాంటివి తేలికగా రాశాను. "రచయిత పేరు అన్ని ఫైళ్ళ నుంచి తీసేశాను" అని తేదీ వేసి నా పేరుతో రాయడానికి ఒక పూట పట్టింది. ఎందుకు మార్చారో రాయడం వాడుక. అక్కడ చాలాసేపు ఆగి, ఆ గడి ఖాళీగా వదిలేశాను. మొత్తం సోర్స్‌ను జాబితాతో సహా ఇంటర్నెట్‌లో పెట్టాను. ఆరు చోట్లా తెర అడుగున అతని వాక్యం తిరిగి పెట్టాను. అందులో రెండు లైబ్రరీలు ఇప్పటికే సోర్స్ తీసుకుని సొంతంగా నడుపుకుంటున్నాయి. నాకు ఫోన్లు ఇంకా తగ్గాయి.

నెల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. ఇంగ్లీషులో, రెండు వాక్యాలు. జాబితాలో ఒక మార్పు రాయలేదని, ఎదురుచూసేవాళ్ళకు కనిపించే సందేశం అసలులో వేరుగా ఉండేదని. కింద అతని పేరు. ముందు వెనక ఏ పలకరింపూ లేదు. ప్రోగ్రాంలో లోపం కనిపించినప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరికొకరు రాసుకునే పద్ధతిలో ఉంది.

అంటే జాబితా మొత్తం చదివాడు.

ఆ మార్పును జాబితాలో చేర్చి, పాత సందేశాన్ని తిరిగి పెట్టాను. ఇప్పుడు నేను చూసుకునే లైబ్రరీల్లో ఎదురుచూసేవాళ్ళకు "జెర ఆగుండ్రి, మీ బిందె లైన్లనే ఉన్నది" అని కనిపిస్తుంది. ఒక రోజు ఒక లైబ్రరీకి వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుని, పిల్లలు అది చదివి నవ్వడం చూసి వచ్చాను.

సరిచేశానని, చూసి చెప్పమని అతనికి రాశాను. జవాబు రాలేదు. జవాబివ్వాలని లైసెన్స్‌లో లేదు.